రాణి ఆయన, గొంతు నాది

మా ఇంట్లో పెద్ద అద్దం బాపుది. ఒక మూల పగిలిన ఆ అద్దం మగ్గం గదిలో గోడకు ఆనించి ఉండేది. అవ్వకు, అంటే మా అమ్మకు, వంటింటి కిటికీలో అరచేతి అంత అద్దం ఒకటి ఉండేది. బొట్టు పెట్టుకోవడానికి అంతకంటే ఎందుకు అనేది. పెద్ద అద్దం ముందు బాపు కూర్చునేవాడు. మీసం లేదు. జుట్టు నడుము దాకా ఉండేది. కొబ్బరినూనె రాసుకొని, ఓపికగా చిక్కు తీసుకొని, ముడి వేసుకొని, ఆ ముడి ఎట్లా కుదిరిందో తల పక్కకు తిప్పి చూసుకునేవాడు. బడికి పోయే వయసు వచ్చేదాకా ఎవరి బాపైనా ఇట్లాగే ఉంటాడనుకున్నాను.

వారమంతా బాపుది నేతపని. సిద్దిపేటలో మా వాడకట్టులో అందరిదీ అదే పని. గొల్లభామ చీరల్లో తల మీద కుండ పెట్టుకున్న చిన్న ఆడమనిషి బొమ్మ వస్తుంది. ఆ బొమ్మకు పోగులు ఎత్తేటప్పుడు బాపును ఎవరూ పలకరించకూడదు. ఎండాకాలంలో, ఊళ్లలో పండుగలు జరిగే రోజుల్లో మాత్రం మగ్గం ఆపి బాగోతానికి పోయేవాడు. బాగోతమంటే పాట, మాట, ఆట మూడూ కలిసిన నాటకం. మా మేళంలో తొమ్మిది మంది, తొమ్మిది మందీ నేతగాళ్లే. ఆడవాళ్లు లేరు. ఆడవాళ్ల వేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. వాటిలో పెద్దది రాణి వేషం. అది బాపుది.

మా మేళం ఎక్కువగా ఆడే కథ ఒకటే. చాడీలు విని రాజు తన భార్యను అడవికి పంపేస్తాడు. అడవిలో ఒక ముసలమ్మ ఆమెకు గుడిసెలో చోటిస్తుంది. చివరికి రాజు తప్పు తెలుసుకొని వచ్చి తీసుకుపోతాడు. ఇందులో రాణి ఏడుపే అరగంట సాగుతుంది. ఆ అరగంట కోసమే జనం వచ్చేవారు. నేను పుట్టేనాటికే తెల్లవార్లూ ఆడే పద్ధతి పోయింది. పొద్దున పదింటికి మద్దెల మోగితే పొద్దుగూకే లోపల హారతి. పట్టపగటి వెలుతురులో, షామియానా కింద, నీలం చీరలో బాపు ఏడుస్తుంటే ముందు కూర్చున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవారు.

ముఖానికి రంగు పడిందంటే ఆయనను ఇక ఎవరూ మగమనిషిని పిలిచినట్టు పిలవకూడదు. అది మేళం కట్టుబాటు. అవ్వ కూడా గ్లాసు పట్టుకొని పోయి, "రాణమ్మా, ఛాయ్ తాగుతవా?" అని అడిగేది.

బాపు కొంగు సర్దుకొని, "ఇయ్యి అక్కా, నీ చెయ్యి చల్లగుండ" అనేవాడు.

"ఇంట్ల గూడ గింత మర్యాదగ మాట్లాడితే నా బతుకు బంగారమైతుండె" అని గొణుక్కుంటూ అవ్వ తిరిగి వచ్చేది. మొఖం మాత్రం నవ్వుతూ ఉండేది.

చీర కట్టుకోవడం నాకు నేర్పింది బాపే. అవ్వకు నూలు కండెలు చుట్టే పనిలో చీర ఎట్లా ఉందో చూసుకునే తీరిక లేదు. బాపు కుచ్చిళ్లు ఒక్కొక్కటి సరిచేసి, దోపి, రెండడుగులు వెనక్కి జరిగి చూసేవాడు. "ఎడమకాలు ముందటికి పెట్టు. ఆఁ. ఇప్పుడు చీర నడుస్తది. నువ్వు నడిస్తే సరిపోదు బిడ్డా, చీర నడవాలె."

నాలుగో తరగతిలో ఒక పిల్ల నన్ను అందరి ముందు అడిగింది: "మీ ఇంట్ల ఇద్దరు అవ్వలున్నరటగదనే?" అందరూ నవ్వారు. నేను ఎప్పుడూ ఏమీ అనేదాన్ని కాదు. పేరు అడిగితే కూడా అవ్వ వైపు చూసే పిల్లను. ఆ సాయంత్రం మాత్రం బాపుతో, పరీక్ష కాగితాల మీద సంతకానికి బడికి రావద్దని, అవ్వను పంపమని చెప్పాను. ఎందుకని బాపు అడగలేదు. సంతకం రోజు అవ్వకు జ్వరం వచ్చింది. బాపే వచ్చాడు. తువ్వాలును తలకు రుమాలు లాగా గట్టిగా చుట్టుకొని, వెంట్రుక కనబడకుండా, పొలం నుంచి వచ్చిన రైతులా నిలబడ్డాడు. గొంతు కూడా మోటుగా మార్చి సార్‌తో మాట్లాడాడు. నా కోసం బాపు మొగవాళ్ల వేషం వేయడం అదొక్కసారే చూశాను. నేను డైరీ రాయడం మొదలుపెట్టింది ఆ వారమే. ఎవరికీ చెప్పలేనిది ఒకటి నా దగ్గర చేరింది, ఎక్కడో పెట్టుకోవాలి.

ఇప్పుడు నేను నటిని. పెద్ద నటిని కాను. ఫోన్లలో చూసే కథల్లో హీరోయిన్ చెల్లెల్ని, పక్కింటి పిల్లను, ఆసుపత్రిలో నర్సును. సెట్లో భోజనాల దగ్గర ఒక మూల కూర్చొని పుస్తకం చదువుకుంటాను. ఇంత సిగ్గున్న పిల్లవు కెమెరా ముందు ఎట్లా మాట్లాడతావని కొత్తవాళ్లు అడుగుతారు. నవ్వి ఊరుకుంటాను. అసలు జవాబు చెప్పాలంటే బాపు గొంతు పోవడం దగ్గర మొదలుపెట్టాలి.

చదువు నాకు దొంగచాటు పని. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాన్ని కండెల బుట్టలో దాచి, బాపు మగ్గం దిగిన వెంటనే మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చొని చదివేదాన్ని. అక్కడ కిటికీ వెలుతురు నేరుగా పడుతుంది, బయటి నుంచి చూస్తే మనిషి సగమే కనబడుతుంది. ఒకరోజు బాపు చూశాడు. తిట్టలేదు. మేళం వాళ్ల చేతిరాత పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఎట్లాగూ చదువుతనే ఉంటవ్. తెర ఎనుక కూసొని నాకు మాట అందియ్యి." అప్పుడు నాకు పదేళ్లు. ఆ రోజు నుంచి ప్రతి ఆటలో తెర వెనక పీట మీద కూర్చొని, వేషధారులు మాట మరిచిపోతే మెల్లగా అందించడం నా పని అయింది. ఎవరూ నన్ను చూడరు, నేను మాట్లాడింది వేషగాడికి తప్ప ఎవరికీ వినబడదు. నాకు అంతకంటే మంచి జాగ దొరకదనుకున్నాను.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మర్కూక్ దగ్గర ఒక ఊళ్లో ఆట. ఏడుపు ఘట్టం వచ్చింది. బాపు చేతులు చాచి నోరు తెరిచాడు. గాలి వచ్చింది, పాట రాలేదు. మరిచాడేమోనని నేను తెర వెనక నుంచి మాట అందించాను. ఇంకోసారి అందించాను. బాపు తల తిప్పి నా వైపు చూశాడు. మరిచిపోయిన మనిషి చూపు కాదది. మేళానికి పెద్ద, హార్మోనియం వాయించే పెద్దబాపు (ఆయన బాపుకు వరసకు అన్న) రాగాన్ని సాగదీసి, ఏడుపంతా తానే పాడి ముగించాడు.

హైదరాబాదులో పెద్ద దవాఖానలో చూపించాం. గొంతులో చిన్న గడ్డ లేచింది, ప్రమాదమైనది కాదు, తీసేస్తే సరిపోతుందన్నారు. తీసేశారు. మూడు నెలలు గుసగుస కూడా వద్దన్నారు.

ఆ మూడు నెలలు మా ఇల్లు ఒక విచిత్రమైన రంగస్థలం అయింది. బాపుకు తెలిసిన సైగలన్నీ రాణివే. కూరలో ఉప్పు తక్కువైతే చెయ్యి గుండె మీద పెట్టుకొని, పైకి చూసి, మెల్లగా కళ్లు మూసేవాడు.

"గింత ఉప్పుకే అడివికి పంపినట్లు జేస్తున్నవేందయ్య" అని అవ్వ ఉప్పు డబ్బా ఎదురుగా పెట్టేది.

నవ్వితే గొంతుకు దెబ్బ అని బాపు భుజాలతో నవ్వేవాడు. భుజాలు ఊగేవి, శబ్దం వచ్చేది కాదు.

మూడు నెలలయ్యాక మొదటిసారి, "బిడ్డా" అన్నాడు. ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు వచ్చింది. బాపు గొంతు తేనెలాంటిదని ఊళ్లు చెప్పుకునేవి. ముగ్గురం ఒకరినొకరం చూసుకోలేదు. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు, పాటకు మాత్రం ఇక పనికి రాదని డాక్టర్ చెప్పాడు.

మిరుదొడ్డిలో ఏటా పండుగకు మా మేళం ఆట ఉంటుంది. అది దగ్గరపడుతుంటే మేళం వాళ్లంతా మా ఇంట్లో కూర్చున్నారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి విన్నాను. పెద్దబాపు చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసి, చివరికి అన్నాడు: "పక్క మేళం నుంచి రాణి వేషగాన్ని అడుగుదామా, తమ్మీ? ఈ ఒక్క ఏడు."

ఈ ఒక్క ఏడు అనేది మాట వరసకే అని అందరికీ తెలుసు. వేరే మనిషి ఒకసారి రాణి అయితే ఆ వేషం ఇక బాపుకు తిరిగి రాదు. బాపు తల వంచుకొని కూర్చున్నాడు. కాసేపటికి సరేనన్నట్టు తల ఊపాడు. ఊపుతూనే చెయ్యి తనకు తెలియకుండా వెనక్కి పోయి జుట్టు ముడిని తాకింది.

"మాటలు నేను చెప్త."

అన్నది నేనే. తలుపు ఇవతలికి కూడా వచ్చాను.

పెద్దబాపు కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "నువ్వా? మొన్న ఇంటర్ల ఎన్ని మార్కులొచ్చినయే అంటే ఉరికి బాయికాడ దాక్కున్నవ్."

"వేషం బాపు కట్టుకుంటడు. ఆట బాపుదే. నేను పక్కన కూసొని పాట, మాట చెప్త. పుస్తకమంత నాకు నోటికి వచ్చు."

"పక్కనంటే తెర ఎనుక గాదు పిల్లా. మైకు ముందట. నా హార్మోనియం పక్కన. మంది అందరు నిన్నే చూస్తరు."

"పుస్తకం మొఖానికి అడ్డం పెట్టుకుంట."

అందరూ నవ్వారు. మద్దెల వాయించే ఆయన, "ఆడపిల్లను కూసోపెడితే మంది ఏమంటరే?" అన్నాడు. అప్పటిదాకా మాట్లాడని అవ్వ టీ గ్లాసులు తీసుకుపోతూ, "ఇన్నేండ్లు మొగోన్ని ఆడిదాన్ని జేసిన్రు, మంది ఏమన్నరు?" అంది. బాపు నన్నే చూస్తున్నాడు. ఆ రోజు డైరీలో ఒక్క ముక్కే ఉంది: "తొమ్మిది మంది ముందు మాట్లాడాను."

అనడం తేలిక. ఒక రాణిని ఇద్దరు మనుషులు ఆడడం ఎట్లాగో ఎవరికీ తెలియదు. మొదటి వారం మగ్గం గదిలో సాధన చేస్తే, నేను ఏడుపు ముగించేసరికి బాపు ఇంకా చీర కొంగు దగ్గరే ఉండేవాడు. పుస్తకంలో ఒకే వరుసలో ఉన్నదాన్ని బాపు మూడు అడుగులుగా, ఒక నిట్టూర్పుగా, ఒక చూపుగా చేసేవాడు. "ఉరకకు. రాణి పుస్తకం సదువుతలేదు" అనేవాడు ఆ ఎండుటాకుల గొంతుతో. నాలుగు రోజులు పట్టింది నాకు ఒక సంగతి గమనించడానికి. ఏదైనా మాట అనే ముందు బాపు భుజాలు పిసరంత కిందికి దిగుతాయి. అప్పుడు అందుకుంటే మాట సరిగ్గా ఆయన నోట్లోంచే వచ్చినట్టుంటుంది. అది తెలిశాక పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకోవడం కుదరలేదు. భుజాలు కనబడాలి కదా. ముందు కళ్ల కింది దాకా దించాను.

మిరుదొడ్డిలో ఆ మొదటి ఆట నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పెద్దబాపు మోచేయి నా మోచేయికి తగులుతూ ఉండడం. మైకు నుంచి వచ్చిన ఇనుప వాసన. అడవి ఘట్టంలో దుమ్ము లేచి నాకు దగ్గు వచ్చింది. ఆపుకోలేకపోయాను. మైకులో ఊరంతా వినబడేలా దగ్గాను. నా పని అయిపోయిందనుకున్నాను. తల ఎత్తి చూస్తే బాపు, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, నడుము వంచి, చెట్టును పట్టుకున్నట్టు చెయ్యి చాచి, దగ్గుతున్నాడు. నేను దగ్గిన ప్రతి దగ్గుకూ ఒక కదలిక ఉంది. ముందు వరుసలో ఒక పెద్దామె, "అయ్యో, అడివి గాలి పడలేదు తల్లికి" అంది. ఆ తర్వాత నాకు భయం వేయలేదు. నేను ఏం చేసినా ఆ మనిషి పట్టుకుంటాడని తెలిసిపోయింది.

ఆట ముగిశాక ఆ పెద్దామే నా దగ్గరికి వచ్చి, నా గొంతు మీద వేలు పెట్టి, "రాణి ఈడ ఉన్నదా?" అంది. బాపు వైపు చూపించాను.

అట్లా రెండేళ్లు. వేరే మేళాల వాళ్లు ఎగతాళి చేశారు, గొంతు ఒక దిక్కు మనిషి ఒక దిక్కు ఉన్న రాణిని ఎక్కడైనా చూశామా అని. కానీ ఊళ్లు పిలవడం మానలేదు. రెండో ఏడు నాటికి పుస్తకం నా ఒళ్లోకి దిగింది, తర్వాత సంచిలోకి పోయింది. ఇంట్లో మాత్రం ఒక విచిత్రం మొదలైంది. బాపు ఏదైనా చెప్పబోయేసరికి, భుజాలు దిగగానే నేను ఆ మాట అనేసేదాన్ని. "అవ్వా, నీళ్లట." "నేనింక అడగనే లేదు గదనే" అని బాపు ఆశ్చర్యపోయేవాడు. అవ్వకు కొంచెం ఈర్ష్య ఉండేదనుకుంటాను.

ఒక ఆటకు హైదరాబాదు నుంచి ఒక మేడమ్ వచ్చింది. మన యాసలో, ఫోన్లో చూసే కథలు తీసే మనిషి. ఆమె హీరోయిన్‌కు మన మాట రాదట. గొంతు ఇవ్వగలవా అని నన్ను అడిగింది. సరేనని తల ఊపాను. చీకటి గదిలో తెర మీద ఆ అమ్మాయి కదులుతుంటే నేను ఆమె పెదాలు చూడలేదు, భుజాలు చూశాను. రెండు రోజుల పని ఒక్క పూటలో అయిపోయింది. మేడమ్ అద్దం అవతల నుంచి నన్ను చాలాసేపు చూసింది.

ఆరు నెలలకు ఫోన్ చేసింది. ఈసారి గొంతు కాదు, మనిషి కావాలి. నేతగాళ్ల ఇంటి పిల్ల వేషం, కెమెరా ముందు, ఇరవై రోజులు. తేదీలు చెప్పింది. మిరుదొడ్డి పండుగ సరిగ్గా ఆ మధ్యలో వస్తుంది.

కుదరదు మేడమ్ అని చెప్పాను. కారణం చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. నేను లేకపోతే రాణికి గొంతు లేదు. రాణికి గొంతు లేకపోతే పెద్దబాపు మళ్లీ నేల మీద పుల్లతో గీతలు గీస్తాడు. చెప్పుకోవడానికి ఇంకేముంది? ఆ తర్వాత రెండు రోజులు బాగా పని చేశాను, కండెలు రెట్టింపు చుట్టాను. కెమెరా ముందు నిలబడాలని నాకు ఎంత ఉందో ఆ కండెలు చుట్టేటప్పుడే తెలిసింది.

మేడమ్ ఊరుకోలేదు. నేను ఫోన్ ఎత్తకపోతే అవ్వ ఫోన్‌కు చేసింది. అవ్వ అంతా విని, మగ్గం గదిలోకి వచ్చి, బాపు ముందే నన్ను అడిగింది. "సినిమావాళ్లు పిలిస్తే రానన్నవట? ఏందే, నెత్తికెక్కిందా?"

మగ్గం చప్పుడు ఆగింది. బాపు బొమ్మకు పోగులు ఎత్తుతున్నాడు. ఆ పని మధ్యలో ఆపడం నేను అంతకుముందు చూడలేదు.

"ఎందుకు వద్దన్నవ్?"

"నాకు సిగ్గు."

"సిగ్గు గాదు. ఎప్పుడట?"

చెప్పాను. బాపు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకొని, ఆగాడు.

"రాణి ఏమైతది మరి?" అన్నాను. ఏడుపు రాకూడదనుకున్నాను, వచ్చింది.

"రాణి ఏమైతది? అడివికి వోతది. ఏటా వోయేదే గదా."

అవ్వ నవ్వింది. నేను నవ్వలేదు. బాపు మగ్గం గుంటలోంచి పైకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఇను. నీ గొంతు రెండేండ్లు ఏసుకున్న. మంచిగ ఏసుకున్న, కాదనను. కాని నాకోసం ఆగిన అని నువ్వు రేపు ఎప్పుడన్న అనుకుంటవ్ సూడు, అది మొయ్యడం నాతోని కాదు బిడ్డా. ఈ నీలం చీరనే బరువైతున్నది ఇప్పటికే."

నేను ఒప్పుకోలేదు. మొండితనం సిగ్గరులకే ఎక్కువ. మరునాడు పొద్దున బాపు ముఖం కడుక్కొని పెద్దబాపు ఇంటికి పోయాడు. అక్కడ జరిగింది పెద్దబాపే తర్వాత పదిమందికి పదిసార్లు చెప్పాడు. బాపు పోయి, ముసలమ్మ వేషం నాకియ్యి అన్నాడట.

"ముసలమ్మ వేషమా? అది ఒక వేషమా తమ్మీ? ఎవడు ఖాళీగుంటే వాడు ముసుగేసుకొని మీసాలు గూడ తియ్యక కట్టేదది. మందిని నవ్వించెటందుకు."

"మీసాలు నాకెట్లాగూ లేవు గదన్నా."

"నువ్వు రాణివిరా!"

"గీ గొంతు ఇన్నవా? గిది రాణి గొంతా? అడివిల వానకు తడిసి, ఎండకు ఎండి, ఒంటిగ ఉన్న ముసల్దానికి గొంతు గిట్లనే ఉంటది. నాకు సరిపోయే వేషం మన కథలనే ఉంటే మనం సూడలే."

రాణి వేషానికి బయటి మేళానికి పోనవసరం లేకుండా బాపే మనిషిని చూశాడు. మరమగ్గాల పనికి పోయి భివండి నుంచి ఆ ఏడే తిరిగివచ్చిన ఒక కొత్త పెళ్లికొడుకు మా వాడకట్టులోనే ఉన్నాడు. మంచి గొంతు. మీసం తీయాలనేసరికి అతని భార్య రెండు రోజులు అన్నం వండలేదు. బాపు వాళ్లింటికి పోయి, ఆమెను ఒప్పించి, అద్దం ముందు అతన్ని కూర్చోబెట్టి కుచ్చిళ్లు నేర్పించాడు. నీలం చీర మడత విప్పి అతని భుజాన వేస్తుంటే నేను అక్కడే ఉన్నాను. బాపు చేతులు ఒక్క క్షణం ఆ చీర మీదే ఆగాయి. తర్వాత కొంగు సరిచేశాడు. ఇక నేను పోనని అనడానికి ఏమీ మిగలలేదు.

షూటింగ్ మొదటి రోజు ఒక్క మాట చెప్పాలి. "అక్కా, బాపు పిలుస్తుండు." పన్నెండు సార్లు తీశారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నాళ్లూ నా మాటకు కదలడానికి వేరే మనిషి ఉన్నాడు. ఇప్పుడు మాట నాదే, ఒళ్లు కూడా నాదే, రెండూ ఎప్పుడూ కలిసి పని చేసినవి కావు. పదమూడోసారి మేడమ్ ఏమీ అనకుండా, నా పక్కనున్న స్టూలు తీయించి మగ్గం పెట్టించింది. మగ్గం కట్టె పట్టుకోగానే చేతులకు జాగ దొరికింది. మాట వచ్చింది.

పండుగ రోజుకు ఒక్క పూట సెలవు అడిగాను. అడగడానికి రెండు రోజులు తిరిగాను మేడమ్ చుట్టూ. బస్సులు మారి మిరుదొడ్డి చేరేసరికి ఆట సగమైపోయింది. తెర వెనకకు పోలేదు. అక్కడికి పోతే నన్ను చూసి బాపు వేషంలోంచి బయటికి వస్తాడని భయం. ఆడవాళ్ల మధ్య, చాప మీద ఒక మూల ఇరుక్కొని కూర్చున్నాను. మా బాగోతాన్ని ముందు నుంచి చూడడం చిన్నతనం తర్వాత నాకు అదే మొదలు.

కొత్త రాణి ఏడుపు బాగానే పాడాడు. కొంచెం ఉరుకుతున్నాడు. తర్వాత ముసలమ్మ వచ్చింది.

ముగ్గుపిండి రాసిన తెల్లజుట్టు విరబోసుకొని, గోచి పోసిన పాత చీరలో, కర్ర పట్టుకొని. అలవాటు ప్రకారం జనం నవ్వడం మొదలుపెట్టారు. ముసలమ్మ కర్ర ఆపి, రాణిని చూసి, "ఎవరి బిడ్డవమ్మా?" అంది. ఆ గొంతుకు నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. అంత అరిగిపోయిన గొంతు నిజంగా అడవిలోంచే వచ్చినట్టుంది. మైకు కోసం వంగలేదు, గట్టిగా కూడా అనలేదు. వినడానికి జనమే ముందుకు వంగారు.

పుస్తకంలో ముసలమ్మకు ఉన్నవి పది మాటలు. నాకు అన్నీ నోటికి వచ్చు. చివరికి రాజు వచ్చి రాణిని రమ్మన్నప్పుడు ముసలమ్మ "పోయి రా తల్లీ" అని పక్కకు తప్పుకోవాలి, అంతే. రాజు వచ్చాడు. రాణి ముసలమ్మ కాళ్లకు మొక్కింది. బాపు పక్కకు తప్పుకోలేదు. భుజాలు పిసరంత కిందికి దిగాయి. నా నోరు దానంతట అదే తెరుచుకుంది. కానీ అందించడానికి నా దగ్గర మాట లేదు. తర్వాత వచ్చింది పుస్తకంలో లేనిది.

"పో బిడ్డా. ఎనుకకు సూడకు. ఈ ముసల్ది ఒంటిగ ఎట్లుంటదో అని మనసుల పెట్టుకుంటవేమో. నువ్వు రాకముందు నేను ఉండలేదా? నువ్వున్నన్ని దినాలు గుడిసెల దీపం ఉండె. ఇగ కట్టె పొయ్యి ఉంటది. పో, పొద్దువోతది."

పెద్దబాపు హార్మోనియం మీద వేళ్లు ఎత్తి పట్టుకొని ఉన్నాడు. ఎక్కడ అందుకోవాలో ఆయనకు తెలియలేదు. రాణి వేషగాడు కూడా ఏం చేయాలో తెలియక నిజంగానే ఏడ్చేశాడు. నా పక్కన కూర్చున్నామె నా చెయ్యి పట్టుకొని, "నీకెందుకే గింత దుఃఖం?" అంది.

రాజూ రాణీ బయలుదేరారు. హారతికి ముందు ఆట కాస్త ఆగుతుంది. ఆ రోజు రంగు వేసుకోవడానికి బడి గది ఇచ్చారు. నేను పోయేసరికి ముసలమ్మ బెంచీ మీద కూర్చొని నీళ్లు తాగుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అవ్వ ముందే చెప్పి ఉంటుంది.

"ఎనుక దాక వినవడ్డదా?" మొదటి మాట అదే.

"వినవడ్డది."

"అబద్ధం?"

"ఒక్క మాట గూడ పోలేదు."

ముగ్గుపిండి భుజాల మీద రాలింది. దాన్ని దులుపుకుంటూ, "ఆ పోరడు ఏడుపుల ఉరుకుతుండు. జెప్పాలె" అన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "నీది ఎట్ల?"

"మొదటి రోజు ఒక్క మాటకు పన్నెండు సార్లు తీసిన్రు."

"పన్నెండు సార్లా?" భుజాలు ఊగాయి. శబ్దం లేని ఆ నవ్వు చాలాసేపు సాగింది. "మీదే నయం గదనే. మాకు ఒక్కటే సారి."

బయట మద్దెల మోగింది. కర్ర అందుకొని, నడుము వంచి, గడప దాటేలోపే ముసలమ్మ అయిపోయి హారతికి నడిచాడు.